అంచుల చీకటికి లెక్క చెప్పిన లాంబర్ట్

పెద్ద ఫార్మాట్ కెమెరాకు వైడ్ యాంగిల్ కటకం బిగించి విశాలమైన కోట ప్రాంగణాన్నో, సభామందిరాన్నో చిత్రించిన ప్రతి ఛాయాగ్రాహకుడికీ ఒక చిక్కు ఎదురవుతుంది. చిత్రం మధ్యభాగంలో ఆకాశం నిండుగా వెలుగుతుంది. మూలలకు వెళ్లేకొద్దీ అదే ఆకాశం పొద్దుగూకినట్లు మసకబారుతుంది. కటకంలో లోపమేమోనని మరింత ఖరీదైనది కొన్నా ఆ మసక పూర్తిగా తొలగదు. ఎందుకంటే దాని మూలం గాజు తయారీలో లేదు, కాంతి ప్రయాణించే దారిలోనే ఉంది. ఆ దారిని కొలిచి, కాంతి ఎక్కడ ఎంత తగ్గుతుందో గణితంతో నిర్ధారించిన తొలితరం శాస్త్రవేత్తల్లో అగ్రగణ్యుడు జోహాన్ హైన్‌రిష్ లాంబర్ట్. 1839లో ఫొటోగ్రఫీ లోకానికి వెల్లడయ్యేనాటికి ఆయన కన్నుమూసి 62 సంవత్సరాలు గడిచిపోయాయి.

మన కళాశాలల్లో రసాయనశాస్త్రం చదివినవారికి బీర్-లాంబర్ట్ నియమం సుపరిచితం. ఒక ద్రావణం గుండా వెళ్లిన కాంతి ఎంత మేరకు శోషణ చెందుతుందో చెప్పే ఆ సూత్రాన్ని పరీక్షల కోసం వల్లెవేసిన వేలాది విద్యార్థుల్లో, ఆ పేరు వెనుక ఉన్నది పన్నెండేళ్లకే బడి మానేసిన ఒక దర్జీ కుమారుడని తెలిసినవారు అరుదు.

లాంబర్ట్ 1728 ఆగస్టు 26న ముల్హౌస్ పట్టణంలో జన్మించారు. ఇప్పుడు ఫ్రాన్స్‌లోని ఆల్సాస్ ప్రాంతంలో ఉన్న ఆ పట్టణం అప్పట్లో స్విస్ సమాఖ్యతో మైత్రి గల చిన్న స్వతంత్ర నగరరాజ్యం. తండ్రి దర్జీ. ఇంట్లో పిల్లలు ఎక్కువ, రాబడి తక్కువ. పన్నెండో ఏట బడి మాన్పించి, తండ్రి పక్కన సూదీ దారంతో కూర్చోబెట్టారు. పగలు కుట్టుపని, దొరికిన తీరికలో చదువు. లాటిన్, ఫ్రెంచ్ భాషలు, లెక్కలు ఆయనకు చాలావరకు ఇలాగే అబ్బాయి. చేతివ్రాత ముత్యాల్లా ఉండేది. ఆ వ్రాతే మొదటి ఉద్యోగం సంపాదించి పెట్టింది. పదిహేనేళ్ల ప్రాయంలో ఒక ఇనుప కార్ఖానాలో గుమాస్తాగా చేరారు. పదిహేడో ఏట బాసెల్ నగరానికి వెళ్లి, అక్కడి పత్రికా సంపాదకుడు జోహాన్ రుడాల్ఫ్ ఇసెలిన్ వద్ద కార్యదర్శి అయ్యారు. పని పోగా మిగిలిన గంటలన్నీ గణితానికీ, తత్త్వశాస్త్రానికీ, ఖగోళశాస్త్రానికీ ధారపోశారు. విశ్వవిద్యాలయపు గడపను విద్యార్థిగా ఆయన ఏనాడూ తొక్కలేదు.

1748లో ఇరవయ్యో ఏట జీవితం మలుపు తిరిగింది. ఆల్ప్స్ పర్వతాల మధ్యనున్న ఖూర్ పట్టణంలో, ఫాన్ సాలిస్ ప్రభువంశపు పిల్లలకు ఇంటివద్ద చదువు చెప్పే కొలువు దొరికింది. ఆ ఇంట్లో గొప్ప గ్రంథాలయం ఉంది. జీతంకన్నా ఆ గ్రంథాలయమే లాంబర్ట్‌కు పెన్నిధి అయింది. పిల్లలకు పాఠం చెబుతూనే తాను నేర్చుకున్నారు, సొంతంగా పరికరాలు తయారుచేసుకుని నక్షత్రాలనూ వాతావరణాన్నీ పరిశీలించారు. 1752 జనవరి నుంచి ఏ నెలలో ఏ విషయంపై పనిచేశారో ఒక పుస్తకంలో రాసుకోవడం మొదలుపెట్టి, చివరివరకూ ఆ అలవాటు తప్పలేదు. ఈ పట్టికే లేకపోతే అంత విస్తారమైన కృషిలో దేని తరువాత ఏది వచ్చిందో చరిత్రకారులకు అంతుపట్టేది కాదు.

1756లో శిష్యులను వెంటబెట్టుకుని ఐరోపా యాత్రకు బయలుదేరారు. సంపన్న కుటుంబాల యువకులు దేశాలు చూసి రావడం ఆనాటి మర్యాద. గురువుకు మాత్రం అది విద్వాంసుల దర్శనయాత్ర అయింది. గోటింగెన్, హాలెండ్ నగరాలు, పారిస్ మీదుగా ఇటలీ వరకూ వెళ్లి వచ్చారు. పారిస్‌లో డాలంబేర్‌ను కలుసుకున్నారు. 1758లో ది హేగ్ నగరంలో ఆయన తొలి గ్రంథం అచ్చయింది. దాని విషయం గాలిలోనూ, ఇతర మాధ్యమాల్లోనూ కాంతి నడిచే మార్గం. మరుసటి ఏడాది జ్యూరిచ్‌లో వెలువడిన రెండో గ్రంథం దృష్టికోణ చిత్రణ గురించినది. ఎదుటనున్న దృశ్యాన్ని, సరళరేఖలు సరళరేఖలుగానే ఉండేటట్లు, ఒక చదునైన తలంపై ఎలా గీయాలో అందులో వివరించారు. ఈ రెండో పుస్తకాన్ని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి. అంచుల చీకటి కథలో సగం అందులోనే ఉంది.

మిగతా సగం 1760లో ఆగ్స్‌బర్గ్ నగరంలో వెలువడింది. ఆ లాటిన్ గ్రంథం పేరు ఫోటోమెట్రియా. అంటే కాంతిమితి.

అప్పటికి కాంతిని కొలిచే పరికరమంటూ లేదు. బరువుకు త్రాసు ఉంది, వేడికి ఉష్ణమాపకం వచ్చింది, వెలుతురుకు మాత్రం కన్ను ఒక్కటే దిక్కు. కన్ను నమ్మదగినది కాదని లాంబర్ట్‌కు తెలుసు. చీకటి గదిలోంచి ఎండలోకి వచ్చినప్పుడు కళ్లు జిగేలుమంటాయి, క్షణాల్లోనే సర్దుకుంటాయి. సర్దుకోవడమే కంటి గొప్పతనం. కొలతకు అదే శత్రువు. ఒక దీపం మరొక దీపంకన్నా మూడింతలు కాంతివంతమా, నాలుగింతలా అని అడిగితే కన్ను చెప్పలేదు. అయితే పక్కపక్కనే ఉన్న రెండు తెల్లని మచ్చలు సమానంగా వెలుగుతున్నాయా, లేదా అన్నది మాత్రం అది చాలా సూక్ష్మంగా పట్టేస్తుంది. లాంబర్ట్ తన పద్ధతినంతటినీ ఈ ఒక్క సామర్థ్యం మీద నిలబెట్టారు. తెల్లని తెర ముందు ఒక అడ్డుపలక నిలిపి, ఒక్కో దీపం తెరలో ఒక్కో భాగాన్నే వెలిగించేటట్లు అమర్చి, రెండు భాగాలూ సమానమయ్యే వరకూ దీపాలను ముందుకూ వెనక్కూ జరిపేవారు. ఆ తరువాత దూరాలను కొలిస్తే చాలు, లెక్క తేలిపోతుంది. కంటిని న్యాయమూర్తి పీఠం మీంచి దించి సాక్షి స్థానంలో నిలబెట్టారన్నమాట.

ఆయన సామగ్రి కొవ్వొత్తులు, కాగితం, కొన్ని గాజు పలకలు, కొన్ని అద్దాలు, కటకాలు. ఇంతే. ఒక మధ్యతరగతి ఇంటి వంటగదిలో దొరికే వస్తువులతో ఒక శాస్త్రశాఖకు పునాది పడిందంటే అతిశయోక్తి కాదు. ఈ రంగంలో ఆయనే మొదటివారని మాత్రం అనలేం. ఫ్రాన్స్‌కు చెందిన పియరీ బూగే 1729లోనే వెలుతురు తగ్గుదలపై గ్రంథం ప్రకటించారు. దూరం పెరిగితే కాంతి ఏ నిష్పత్తిలో పలచబడుతుందో అంతకు ముందే కెప్లర్ చెప్పారు. లాంబర్ట్ చేసింది చెదిరి ఉన్న ఈ భావాలను ప్రయోగాలతో సరిచూసి, గణితపు దారంతో ఒకే హారంగా గుచ్చడం. వస్తువు తనపై పడిన కాంతిలో ఎంత భాగాన్ని తిప్పి పంపుతుందో తెలిపే ఆల్బిడో అన్న పదం కాంతిశాస్త్రంలోకి ఆ పుస్తకంతోనే వచ్చింది. నేడు వాతావరణ మార్పుల వార్తల్లో హిమఖండాల గురించి మాట్లాడినప్పుడల్లా ఆ మాటే వాడుతున్నాం.

ఫోటోమెట్రియాలోని సూత్రాల్లో మన కథకు కావలసినవి రెండు. మొదటిది దూరానికి సంబంధించినది. దీపాన్ని రెండింతల దూరానికి జరిపితే వెలుతురు సగానికి కాదు, నాలుగో వంతుకు తగ్గుతుంది. రెండోది వాలుకు సంబంధించినది. ఏటవాలుగా పడిన కిరణాలు ఎక్కువ చోటును ఆక్రమించి పలచబడతాయి. మధ్యాహ్నపు ఎండకూ సాయంకాలపు ఎండకూ ఉన్న తేడాలో చాలా భాగం ఇదే. ఎంత వాలితే ఎంత తగ్గుతుందో ఆ కోణపు కొసైన్ విలువ చెబుతుంది. లాంబర్ట్ కొసైన్ నియమంగా ప్రసిద్ధమైన సూత్రం ఈ కోవకు చెందినదే.

ఇప్పుడు ఈ సూత్రాలను కెమెరాలోకి తీసుకువెళ్దాం. కటకపు మధ్యనున్న ద్వారం నుంచి పలక నడిబొడ్డుకు కిరణం తిన్నగా వెళుతుంది. మూలకు వెళ్లే కిరణం ఎక్కువ దూరం ప్రయాణించాలి. వర్గ నియమం ప్రకారం అక్కడ కొసైన్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంది. ఆ కిరణం పలకపై ఏటవాలుగా పడుతుంది కనుక మూడో కొసైన్. మూల దగ్గర నిలబడి చూస్తే గుండ్రని ద్వారం కోడిగుడ్డులా నలిగి కనిపిస్తుంది, లోపలికి వచ్చే కాంతి ఆ మేరకు తగ్గుతుంది కనుక నాలుగో కొసైన్. నాలుగింటినీ గుణిస్తే, మధ్య అక్షానికి 30 డిగ్రీల దూరంలో వెలుతురు 56 శాతం. 45 డిగ్రీల వద్ద సరిగ్గా 25 శాతం. 60 డిగ్రీల వద్ద 6 శాతం చిల్లర. ఇది సాదాసీదా కటకం లెక్క. నిర్మాణాన్ని బట్టి కొంత అటూ ఇటూ అవుతుంది. లాంబర్ట్ ఈ నాలుగు కొసైన్ల లెక్కను ఛాయాచిత్రం కోసం కట్టలేదు. కానీ లెక్కలోని ప్రతి ముక్కా ఆయన కొలిచిన నేలపైనే నిలబడి ఉంది.

ఆయన రెండు పుస్తకాలు కలిసేది కూడా ఇక్కడే. పై లెక్కలోని మొదటి మూడు కొసైన్లను మరో విధంగానూ చూడవచ్చు. సరళరేఖలు వంగకుండా విశాల దృశ్యాన్ని చదునైన పలకపై నింపాలంటే, అంచుల్లోని వస్తువులను లాగి సాగదీయక తప్పదు. వరుసలో చివర నిలుచున్నవారి ముఖాలు వెడల్పుగా పడటం అందుకే. సాగదీసిన చోట అదే కాంతి ఎక్కువ వైశాల్యంపై పరచుకుని పలచబడుతుంది. గోడలు నిటారుగా, చూరులు తిన్నగా ఉండాలన్న మన కోరికకు మూలల్లోని చీకటి చెల్లింపు. రేఖలు వంగినా పరవాలేదనుకునే చేపకన్ను కటకాల్లో ఈ బాధ చాలా తక్కువ. 1759 నాటి రేఖాచిత్రణ గ్రంథమూ, 1760 నాటి కాంతి గ్రంథమూ ఒకే నాణేనికి ఇరువైపులని, ఆ రెండూ ఒకే మనిషి పన్నెండు నెలల వ్యవధిలో ప్రకటించారని తెలిసినప్పుడు కలిగే ఆశ్చర్యం సామాన్యమైనది కాదు.

ఆ పుస్తకం వెలువడినప్పుడు పెద్దగా చలనం రాలేదు. ప్రతులు తక్కువే అమ్ముడయ్యాయి. శాస్త్రలోకం దాని విలువను తీరిగ్గా గుర్తించేసరికి ప్రతులు దొరకడమే గగనమైంది. జర్మన్ అనువాదం 1892లో, ఇంగ్లీషు అనువాదం 2001లో వెలువడ్డాయి. రచయిత జీవితమూ అప్పట్లో నిలకడగా లేదు. మ్యూనిక్‌లో కొత్తగా ఏర్పడిన బవేరియా విజ్ఞాన పరిషత్తుకు తోడ్పడ్డారు, విభేదాలు వచ్చి 1762లో విడిపోయారు. 1761లో ప్రకటించిన విశ్వనిర్మాణ లేఖల్లో, పాలపుంత కటకంలా బల్లపరుపుగా పరచుకున్న నక్షత్ర సముదాయమని ఊహించారు. 1764లో లైప్‌జిగ్‌లో తర్కశాస్త్రంపై పెద్ద గ్రంథం అచ్చయింది. ముప్పై అయిదేళ్లు దాటుతున్నా స్థిరమైన కొలువు లేదు.

ఆ ఏడాదే బెర్లిన్ చేరారు. ప్రష్యా రాజు రెండవ ఫ్రెడరిక్ పోషణలోని విజ్ఞాన అకాడమీ అప్పుడు ఐరోపాలోనే మేటి. గణితజ్ఞుడు ఆయిలర్ ఆయనను సాదరంగా ఆహ్వానించారు. రాజదర్శనం మాత్రం అడ్డం తిరిగింది. ఫ్రెడరిక్‌కు ఫ్రెంచి నాజూకుతనం, చతురోక్తులు ఇష్టం. లాంబర్ట్‌కు సభామర్యాదలు తెలియవు, వేషధారణలో శ్రద్ధ లేదు, తన గురించి చెప్పడంలో వినయపు ముసుగు వేసుకోవడం రాదు. ఏ శాస్త్రంలో ప్రవేశముందని రాజు అడిగితే అన్నింటిలోనూ అని, ఎవరి వద్ద నేర్చుకున్నారని అడిగితే ఎవరి వద్దా కాదు, నేనే నేర్చుకున్నానని బదులిచ్చారట. ఆయన రూపం రాజుకు వెగటు కలిగించకూడదని సన్నిహితులు దీపాలు తీయించి ఆ భేటీని చీకట్లోనే జరిపించారని కూడా ఒక కథ ప్రచారంలో ఉంది. కాంతిని కొలిచిన మనిషికి చీకట్లో రాజదర్శనం! కథ నిజమో, సభికుల కల్పనో గానీ, ఫలితం మాత్రం చారిత్రకమే. ఈయన ఒట్టి మూర్ఖుడని రాజు తేల్చేశారు, నియామకం నెలల తరబడి నిలిచిపోయింది. చివరకు అకాడమీ పెద్దలు నచ్చజెప్పగా 1765 జనవరిలో సభ్యత్వం దక్కింది. కాలక్రమంలో రాజు కూడా అభిప్రాయం మార్చుకుని ఆయన ప్రజ్ఞను మెచ్చుకున్నారు.

ఆ తరువాతి పన్నెండేళ్లు ఆయన జీవితంలో అత్యంత ఫలవంతమైనవి. అకాడమీకి సమర్పించిన పత్రాలు 150 దాటాయి. వృత్త పరిధికీ వ్యాసానికీ ఉన్న నిష్పత్తి అయిన పై విలువ కరణీయ సంఖ్య అని, అంటే దాన్ని రెండు పూర్ణ సంఖ్యల భిన్నంగా ఎన్నటికీ రాయలేమని, తొలిసారి నిరూపించినవారు ఆయనే. రెండు వేల ఏళ్లుగా పండితులను వేధించిన ప్రశ్న అది. 1772లో రంగుల మేళవింపును ఒక పిరమిడ్ ఆకృతిలో అమర్చి చూపారు. అదే ఏడాది భూపటాలపై రాసిన గ్రంథంలో గుండ్రని భూమిని చదునైన కాగితంపైకి దించే కొత్త పద్ధతులు కొన్నింటిని ప్రతిపాదించారు. యువ ఖగోళజ్ఞుడు బోడెను బెర్లిన్‌కు రప్పించి ఖగోళ వార్షిక పంచాంగాన్ని ప్రారంభించారు. 1776 సంవత్సరపు సంచికతో మొదలైన ఆ పంచాంగం 1959 వరకూ కొనసాగింది. తత్త్వవేత్త కాంట్‌తో ఆయన జరిపిన ఉత్తరప్రత్యుత్తరాలు ప్రసిద్ధం. కాంట్ తన మహాగ్రంథాన్ని ఆయనకు అంకితమివ్వాలని తలపోశారు. గ్రంథం 1781లో పూర్తయ్యేసరికి లాంబర్ట్ లేరు. క్షయవ్యాధితో 1777 సెప్టెంబర్ 25న బెర్లిన్‌లో కన్నుమూశారు. అప్పటికి వయస్సు 49. వివాహం చేసుకోలేదు. పుట్టిన నూరేళ్లకు, 1828లో, ముల్హౌస్ పట్టణం ఆయన స్మారకార్థం ఒక స్తంభాన్ని నిలిపింది.

అంచుల చీకటితో అసలు పోరాటం మొదలైంది ఆయన మరణించిన ఎన్నో దశాబ్దాలకు, యాదృచ్ఛికంగా అదే బెర్లిన్ నగరంలో. గోర్జ్ సంస్థకు చెందిన ఎమిల్ ఫాన్ హోయెగ్ 1900లో హైపర్గాన్ అనే కటకాన్ని రూపొందించారు. అరచెండుల్లా వంగిన రెండు పలుచని గాజు బిళ్లలు ఎదురెదురుగా కూర్చిన ఆ కటకం దాదాపు 135 డిగ్రీల దృశ్యాన్ని, రేఖలు వంగకుండా, ఒకే పలకపైకి తెచ్చింది. ఇరుకు వీధుల్లో నిలబడి ఎత్తయిన భవనాలను, చిన్న గదుల లోపలి భాగాలను చిత్రించేవారికి అది వరప్రసాదం. కానీ 60 డిగ్రీల వద్దనే వెలుతురు పదహారో వంతుకు పడిపోతుంది కదా. మధ్యభాగం సరిగా వచ్చేంతసేపు తెరిచి ఉంచితే అంచులు నల్లబడతాయి. అంచుల కోసం ఆగితే మధ్యభాగం మాడిపోతుంది.

దానికి హోయెగ్ కనిపెట్టిన ఉపాయం చూడముచ్చటైనది. కటకం ముందు చిన్న నక్షత్రాకారపు రేకును అమర్చారు. రబ్బరు బుడ్డిని నొక్కితే గొట్టం గుండా వచ్చిన గాలికి ఆ నక్షత్రం పిల్లలు ఆడుకునే గాలిమరలా గిరగిర తిరుగుతుంది. రేకులు నడుమ వెడల్పుగా, కొసల్లో సన్నగా ఉంటాయి. అందువల్ల మధ్యకు వెళ్లే కాంతి ఎక్కువగానూ, అంచులకు వెళ్లే కాంతి తక్కువగానూ అడ్డగింపబడుతుంది. ఎక్స్‌పోజర్‌లో ఎక్కువ భాగం నక్షత్రం తిరుగుతుండగా జరిపి, చివరి కొద్దిసేపు దాన్ని కిందకు వాల్చి, నట్టనడుమకు కావలసిన కాంతిని అందించేవారు. చేతి నేర్పు మీద ఆధారపడిన పని అది. నక్షత్రం వేగం తగ్గినా, సమయం కాస్త తప్పినా పలక మీద మచ్చ మిగిలిపోయేది.

తరువాతి తరం మరో మార్గం పట్టింది. సోవియట్ శాస్త్రవేత్త మిఖాయిల్ రూసినోవ్ 1940ల్లో, ముందూ వెనుకా పెద్ద పెద్ద పుటాకార గాజులతో కటకాలు రూపొందించారు. పక్కనుంచి చూసినప్పుడు ద్వారం నలిగిపోకుండా కాస్త పెద్దదిగా కనిపించడం వాటి ప్రత్యేకత. నాలుగో కొసైన్ నష్టాన్ని అలా చాలావరకు పూడ్చారు. లుడ్విగ్ బెర్టెలె 1950ల్లో నిర్మించిన బయోగాన్, ఏవియోగాన్ కటకాలు, పెద్ద ఫార్మాట్ కెమెరాల్లో విఖ్యాతమైన సూపర్ ఆంగులాన్ తరహా కటకాలు ఈ బాటలోనివే. నాలుగో కొసైన్ వంగింది కానీ మిగతా మూడు వంగలేదు. రేఖలు తిన్నగా ఉన్నంతకాలం అవి వంగవు.

మిగిలిన ఆ లోటును సరిచేసేదే సెంటర్ ఫిల్టర్. ఇది నడుమ ముదురు బూడిదరంగుతో, అంచులకు వెళ్లేకొద్దీ లేతబడి, చివరకు తేటగా మారే గుండ్రని గాజు. కటకం ముందు మరబిగింపుతో అమర్చుతారు. రంగును మార్చదు, నడిమి వెలుతురును మాత్రం అణచి అంచులతో సమం చేస్తుంది. హైపర్గాన్ నక్షత్రం తిరుగుతూ చేసిన పనిని ఇది కదలకుండా చేస్తుందని చెప్పుకోవచ్చు. ష్నైడర్, రోడెన్‌స్టాక్ వంటి జర్మన్ సంస్థలు ఒక్కో కటకానికి తగినట్లు వీటిని వేర్వేరుగా తయారుచేశాయి. ఖరీదు ఎక్కువ. కొన్నిసార్లు పాత కటకం ధరతో పోటీపడుతుంది. పైగా ఎక్స్‌పోజర్ ఒకటిన్నర నుంచి రెండు స్టాపులు, అంటే దాదాపు మూడు నాలుగింతలు, పెంచవలసి వస్తుంది.

అయితే ఎప్పుడు అవసరం? సాధారణంగా వాడే 4×5 అంగుళాల ఫిల్ముపై 90 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే, నాలుగు కొసైన్ల లెక్కన మూలలకు చేరేది మధ్యలోని వెలుతురులో మూడో వంతు. 65 మిల్లీమీటర్ల కటకంతో అయితే ఆరో వంతుకన్నా కాస్త ఎక్కువ. నలుపు తెలుపు నెగటివ్ అయితే అచ్చువేసేటప్పుడు చీకటిగదిలో కొంత సర్దుకోవచ్చు. రంగుల పారదర్శక ఫిల్ము అంత ఓర్పు చూపదు, ఆకాశం మూలల్లో బురదరంగుకు తిరుగుతుంది. ఎత్తయిన గోపురాన్నో మినార్‌నో చిత్రించేటప్పుడు కటకాన్ని పైకి జరుపుతారు. అప్పుడు వెలుతురు కేంద్రం చిత్రం కింది భాగానికి దిగిపోయి, చీకటి అంతా పైనున్న ఆకాశంలో పోగుపడుతుంది. ఇలాంటి చోట ఫిల్టర్ లేకపోతే కళ్లకు కట్టినట్లు తెలిసిపోతుంది. మరో జాగ్రత్త కూడా ఉంది. ద్వారాన్ని ఎఫ్ 16, 22 వరకూ చిన్నది చేస్తేనే ఈ ఫిల్టర్ సరిగా పనిచేస్తుంది. ద్వారం పెద్దగా తెరిచి ఉంటే ప్రతి కిరణపుంజమూ ఫిల్టర్‌లోని ముదురు, లేత భాగాలు రెండింటి గుండా వచ్చి తేడా చెరిగిపోతుంది. దానికి తోడు కటకపు చట్రమే కిరణాలకు అడ్డుతగిలి మరికొంత చీకటిని చేరుస్తుంది. ద్వారాన్ని కుదిస్తే ఈ చట్రపు చీకటి పోతుంది. లాంబర్ట్ చెప్పిన చీకటి మాత్రం అలాగే ఉంటుంది.

ఫిల్టర్ అవసరమా కాదా అన్నది కెమెరా వెనుకనున్న గరుకు గాజును చూసి నిర్ణయించడం మాత్రం పొరపాటు. మూలల్లో పడిన కిరణాలు ఏటవాలుగా బయటకు సాగిపోయి మన కంటికి చేరవు కనుక, అక్కడ ఉన్నదానికన్నా ఎక్కువ చీకటి కనిపిస్తుంది. తల కాస్త పక్కకు జరిపితే అదే మూల వెలుగుతుంది. కొన్ని నిమిషాలు నల్లగుడ్డ కింద ఉంటే కన్ను సర్దుకుని అసలు తేడానే మరచిపోతుంది. కంటిచూపును నమ్మక, కొలతను నమ్మమని 1760లోనే లాంబర్ట్ చూపిన దారి ఇక్కడా వర్తిస్తుంది. కొలమానంతో గరుకు గాజుపై చూసినా అదే చిక్కు. తెల్లని గోడను ఒకసారి ఫిల్ముపై తీసి చూడటమే నికరం.

డిజిటల్ యుగంలో మూలలను సాఫ్ట్‌వేర్‌తో వెలిగించడం తేలిక. కానీ చేరని కాంతిని అంకెలతో గుణించినప్పుడు దానితోపాటు మచ్చలూ, గరుకుదనమూ గుణింపబడతాయి. పెద్ద అచ్చుల కోసం పనిచేసేవారు ఇప్పటికీ ఈ బూడిదరంగు గాజును సంచిలో మోసుకెళ్లడానికి కారణం అదే.

విమానాల నుంచి నేలను చిత్రించే సర్వే కెమెరాల్లో ఈ ఫిల్టర్ విలాస వస్తువు కాదు, పరికరంలో భాగం. 23 సెంటీమీటర్ల చదరపు ఫిల్ముపై 152 మిల్లీమీటర్ల కటకంతో తీసిన చిత్రంలో మూలలు అక్షానికి సుమారు 47 డిగ్రీల దూరంలో ఉంటాయి. అక్కడి పొలాలూ, వాగులూ నడిమి భాగంతో సమానంగా కనిపించకపోతే పటం గీసేవారు పొరబడతారు. అలాంటి చిత్రాల నుంచి తయారైన సమాచారం చివరకు చేరేది భూపటాల్లోకి. లాంబర్ట్ 1772లో ప్రతిపాదించిన పద్ధతుల్లో, స్థలాల మధ్య కోణాలను చెదరనివ్వని శంకు ప్రక్షేపం ఒకటి. దాదాపు నూటయాభై ఏళ్లు మరుగున ఉన్న ఈ పద్ధతిని మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రెంచి ఫిరంగిదళం వెలికితీసింది. నేటి వైమానిక పటాల్లో అది విరివిగా వాడుకలో ఉంది. భారత ఉపఖండానికి రూపొందించిన సర్వే గ్రిడ్ కూడా ఆ ప్రక్షేపాన్నే ఆధారం చేసుకుని, ప్రాంతాన్ని కొన్ని మండలాలుగా విభజించింది. వాటిలో మూడో మండలానికి మూలబిందువు 19 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 80 డిగ్రీల తూర్పు రేఖాంశం కలిసే చోటు. ఆ చోటు ప్రాణహిత గోదావరిలో కలిసే సీమలో, తెలంగాణ సరిహద్దుకు ఆవలి గట్టున, సిరొంచకు చేరువలో ఉంది.